ఎంత వేసినా నిండిపోయే పెట్టె

మెమరీ కొనడానికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది ఒకటే అడుగుతారు: "ఎంత వేయమంటారండీ?" నాకు ఒళ్లు మండేది ఆ ప్రశ్నకే. ఎంత వేయాలో నాకేం తెలుసయ్యా, నేనేమన్నా నీ కంప్యూటర్ కడుపులో కాపురం ఉంటున్నానా? ముందు బోర్డు ఏదో చెప్పు. ఇప్పుడు అందులో ఎంతుందో, ఒకటే ఉందో రెండున్నాయో, ఏ తరందో చెప్పు. తరం తప్పితే గాడిలో దిగదు, బలవంతాన నొక్కావా విరిగి చేతికొస్తుంది. పాతది నెమ్మదిదైతే నువ్వు తెచ్చిన జోరైనది కూడా దాని వెనకే ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తు. అసలు దీంతో నువ్వు ఏం చేస్తావో చెప్పు, అప్పుడు మాట్లాడదాం.

విజయవాడ గవర్నర్‌పేటలో ఇరవై రెండేళ్లుగా నాకు కంప్యూటర్ విడిభాగాల షాపుంది. నా పేరు పూర్ణచంద్రరావు. నోటి దురుసు మనిషినని పేరుంది గానీ, అక్కర్లేని సరుకు అంటగట్టానని ఇంతవరకూ ఎవరూ అనలేదు. సాంబ్రాజ్యం టీచర్ గారని ఒకావిడ ఎక్కడెక్కడో రెండుసార్లు మెమరీ వేయించుకుని, అయినా కంప్యూటర్ నత్తలా నడుస్తోందని ఏడుపు మొహంతో వచ్చింది. చూస్తే ఏదో పనికిమాలిన ప్రోగ్రామ్ లోపల కూర్చుని మొత్తం మింగేస్తోంది. దాన్ని ఆపేసి, ఏమీ అమ్మకుండా పంపించాను. మర్నాడు సున్నుండలు చేసి తెచ్చిందావిడ. "ఎంత వేసినా నిండిపోతోందంటే తప్పు మెమరీది కాదు టీచర్ గారూ, లోపల ఏదో తింటోంది. అదేంటో ముందు చూసుకోవాలి" అని ఆవిడకి చెప్పాను.

ఊరందరికీ చెప్పాను ఈ మాట. నా ఇంట్లో మనిషి దగ్గరకొచ్చేసరికి నా బుద్ధి గడ్డి తింది.

నా షాపులో ఇంకో పద్ధతుంది, అదీ చెప్పాలి. మెమరీ ముట్టుకునే ముందు కిటికీ ఇనుప ఊచ పట్టుకుంటాను, ఒంట్లో కరెంటేదన్నా ఉంటే దిగిపోతుందని. ఆ తర్వాత ఫోన్ తీసి బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేస్తాను. నాకు పని నేర్పిన రంగనాయకులు గారు పెట్టిన నియమమది. ఒకసారి ఆయన చొక్కా జేబులోంచి ఫోన్ జారి బోర్డు మీద పడి, పక్కనున్న మెమరీలు కూడా నాలుగు పోయాయి. అప్పట్నుంచీ "మెమరీ చేతిలో ఉండగా ఫోన్ ఒంటి మీద ఉండకూడదురా" అనేవారు. నేను తు.చ. తప్పకుండా పాటించాను. ఆ డబ్బా గురించి నా భార్య హైమకి బాగా తెలుసు. రోజూ నాలుగింటికి ఫోన్ చేసేది, "ఏవండీ, వచ్చేటప్పుడు పెరుగు పట్టుకురండి" అని. ఎత్తకపోతే డబ్బాలో ఉందని అర్థం చేసుకునేది.

మా అమ్మాయి పేరు కిన్నెర. తొమ్మిదేళ్లు. ఉబ్బసం ఉండేది దానికి. నాలుగేళ్ల కిందట, జులై నెల, వాన పడుతున్న రోజు, బడి నుంచి వస్తూనే ఆయాసం మొదలైంది. ఇంట్లో ఇన్‌హేలర్ అయిపోయింది. కొత్తది పొద్దున్నే నేను కొన్నాను, ఇంట్లో ఇవ్వడం మర్చిపోయాను, అది నా స్కూటర్ డిక్కీలో ఉంది. షాపు నుంచి సత్యనారాయణపురంలో మా ఇంటికి ఎనిమిది నిమిషాలు. హైమ నాకు ఆరుసార్లు ఫోన్ చేసింది. తర్వాత పిల్లని ఎత్తుకుని మోకాలి లోతు నీళ్లలో పెద్ద రోడ్డు దాకా పరిగెత్తింది. ఆస్పత్రి మెట్ల మీదే నా చిట్టితల్లి వెళ్లిపోయింది.

చావుకొచ్చిన ప్రతివాడూ నన్ను అడిగాడు, ఫోన్ ఎందుకెత్తలేదని. నేను నోరు తెరవకముందే హైమ జవాబు చెప్పేది. "ఫోన్ డబ్బాలో ఉందండీ. ఆయనకెలా తెలుస్తుంది?" అందరికీ అదే చెప్పింది. నేను తలూపాను. ఒక్కసారి కూడా నన్ను పల్లెత్తు మాటనలేదు. ఆ రోజు గురించి మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు. అన్నం తిన్నారా, గ్యాస్ వచ్చిందా, తలుపు వేశారా, అంతే మా కాపురం.

మూడేళ్లు గడిచాక హైమకి మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ, పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి నిలిచేది కాదు. అప్పుడే ఎవరో చెబితే మంగళగిరి దగ్గరున్న ఒక పరిశోధనశాలకి తీసుకెళ్లాను. అక్కడ డాక్టర్ నఫీసా గారని, సన్నగా, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని తిరిగే మనిషి. హైమ చెవి వెనక చింతగింజంత బిళ్ల అమర్చారు. నడుముకి సిగరెట్ పెట్టెంత పెట్టె కట్టారు. దానికి 'తోడు' అని పేరు పెట్టారు వాళ్లు. ఆలోచన నడవడానికి తలలో చోటు చాలనప్పుడు ఆ పెట్టె చోటిస్తుందట. పాత జ్ఞాపకాలు తలలోనే ఉంటాయి గానీ, వాటి దగ్గరికి వెళ్లే దారులు పెట్టెలో ఉంటాయట. పెట్టె మీద చిన్న కిటికీలో ఒక అంకె కనపడుతుంది, నూటికి ఎంత నిండిందో.

మూత తీసి చూపించగానే నాకు నవ్వొచ్చింది. లోపల మెమరీ గాడి, ఒకటికి రెండు! మా షాపులో రోజూ చూసేదే, కాస్త చిన్నది.

"మామూలు మెమరీయే పడుతుందండీ, మంచిది దొరికితే మీరే తెచ్చుకోవచ్చు" అందావిడ.

"మంచిదా? మేడమ్, ఆ విషయం నాకొదిలేయండి" అన్నాను. పాప పోయాక మొదటిసారి నా భార్యకి నేనేదో చేయగలననిపించింది.

మొదటి నెల ఎంత బాగుందో చెప్పలేను. చిట్టీ కట్టే తారీఖు గుర్తుపెట్టుకుంది, పక్కింటి అనసూయమ్మ గారి మనవడి పేరు గుర్తుపెట్టుకుంది. తర్వాత అంకె తొంభై దాటింది. ఓ రోజు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయింది. నేను చూసి, ఇది చిన్నదిలే అనుకుని రెట్టింపు మెమరీ తెచ్చి వేశాను. రెండు నెలలు. మళ్లీ తొంభై ఆరు. ఈసారి ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు పుట్టిన జోడీ వెతికి పట్టాను, రెండూ కలిసి నడుస్తాయని. చెన్నై నుంచి తెప్పించాను. షాపులో ఒక రోజంతా పరీక్ష పెట్టి, ఒక్క తప్పు కూడా రాలేదని రూఢి చేసుకుని మరీ వేశాను. మూడు నెలలు గడిచాయో లేదో అదీ నిండింది.

పనిమనిషి పేరు పోయింది. మా వీధి పేరు పోయింది. ఒక సాయంత్రం నేను ఇంటికెళ్లి చెప్పులు విప్పుతుంటే, హైమ గుమ్మం దగ్గరకొచ్చి మర్యాదగా నవ్వింది.

"మెమరీ మార్చడానికి వచ్చారా? కూర్చోండి. మావారు ఇంకా రాలేదు."

నేను చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆటలాడుతోందేమోనని మొహంలోకి చూశాను. ఆటలాడటం లేదు. లోపలికెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చింది, అతిథికి ఇచ్చే గాజు గ్లాసులో.

పరిశోధనశాలకి ఫోన్ చేస్తే నఫీసా గారు విషయం విడమర్చి చెప్పింది. చోటు చాలనప్పుడు పెట్టె ఏదో ఒకటి తీసేయాలి కదా, చాలా కాలంగా తొక్కని దారిని ముందు చెరిపేస్తుందట. చెరిగిన దారి నలభై రోజుల్లోపు మళ్లీ దొరుకుతుంది. ఆ తర్వాత దొరకదు. హైమ తలలో నేనెక్కడో ఉంటాను గానీ, నా మొహం దగ్గరికి వచ్చే దారి ఇక ఎప్పటికీ ఉండదు.

"చాలా కాలంగా తొక్కని దారా? రోజూ ఒకే ఇంట్లో ఉంటున్నాం మేడమ్!" అని గొంతు పెంచాను. ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే, నా మీద నాకే అసహ్యమేసింది. ఒకే ఇంట్లో ఉంటే సరిపోతుందా?

నలభై రోజుల్లో ముప్పై ఒకటి పెద్ద మెమరీ కోసం వెతకడంలోనే పోయాయి. ఆ గాడిలో పట్టేవాటిలో అంతకన్నా పెద్దది లేదన్నంత పెద్దది సంపాదించాను. తరం సరిపోయింది, వేగం సరిపోయింది, వేడెక్కదు. సీలు కూడా తీయకుండా హైమని వెంటబెట్టుకుని మంగళగిరి వెళ్లాను. బస్సులో నా పక్కన కూర్చోవడానికి మొహమాటపడి, చీర కొంగు దగ్గరికి లాక్కుంది.

నఫీసా గారు ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టింది.

"వేసేద్దాం మేడమ్" అన్నాను. "ఇది నిండదు."

"పూర్ణచంద్రరావు గారూ, ఆవిడ దీంతో ఏం చేస్తున్నారో మీరెప్పుడైనా అడిగారా?"

చెంప మీద కొట్టినట్టయింది. నా ప్రశ్న అది. ఇరవై రెండేళ్లుగా నేను జనాన్ని అడిగే ప్రశ్న.

ఆవిడ తన కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. నిలువు గీతలు, పొట్టివి, సన్నవి. ఒక్కటి మాత్రం తెర పైదాకా లేచి ఉంది. "నూటికి తొంభై ఒక్క వంతులు ఒకే ఆలోచన. లోపల ఏముందో మేం చూడలేం, చూడకూడదు కూడా. ఎప్పటికి సంబంధించిందో మాత్రం తెలుస్తుంది" అని కింద రాసి ఉన్న అక్షరాలు చూపించింది. నాలుగేళ్ల కిందటి జులై. సాయంత్రం నాలుగూ పది నుంచి నాలుగూ యాభై వరకు.

"అది జ్ఞాపకం కాదు. జ్ఞాపకమైతే పెరగదు. ఆవిడ దాంతో ఏదో చేస్తున్నారు, రాత్రింబవళ్లు. మీరు ఎంత చోటిస్తే అంత చోటూ అదే తీసుకుంటుంది."

"తీసేయలేరా?"

"తీసేయొచ్చు. కానీ దాన్ని పట్టుకుని ఉన్న దారులన్నీ దాంతోపాటే పోతాయి. పాప కూడా పోతుంది." కళ్లజోడు కిందికి దించుకుంది. "ఆవిడంతట ఆవిడ ఆపేస్తేనే మంచిది. ఎందుకు ఆపడం లేదో అడగండి. మీ భార్య కదా."

నా భార్య వరండాలో కూర్చుని, గోడ మీది బొమ్మ చూస్తోంది. నేను దగ్గరికెళితే "అయిపోయిందా అండీ?" అంది.

మర్నాడు షాపు తీయలేదు. పొద్దున పదింటికి హైమ వంటింటి గడపలో కూర్చుని గోరుచిక్కుళ్లు ఒలుస్తోంది. పెట్టె మీద అంకె తొంభై ఎనిమిది. నేను ఎదురుగా నేల మీద కూర్చుని, నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాను.

"మీకెందుకండీ శ్రమ" అంది.

"పర్లేదమ్మా" అన్నాను. కట్టుకున్న పెళ్లాన్ని అమ్మా అని పిలవాల్సి వచ్చింది. "పెట్టె మాటిమాటికీ నిండిపోతోంది కదా. అందులో మీరు ఏం చేస్తుంటారో తెలిస్తే, సరైనది చూసి వేస్తాను."

కాయ పీచు నిదానంగా తీసింది.

"మీరు బయటివారు కాబట్టి చెబుతున్నా. మావారితో అనకండి."

"అనను."

"మా పాప పోయిందండీ. ఆ రోజు మావారు ఫోన్ ఎత్తలేదు. ఆయన తప్పు కాదు, ఫోన్ డబ్బాలో పెట్టుకుంటారు, పనిలో ఉంటే. అందరికీ నేనే చెప్పాను ఆయన తప్పు కాదని." చిక్కుడుకాయ విరిచి గిన్నెలో వేసింది. "చెప్పాను గానీ, నాకు లోపల నిలబడలేదు. ఆయన మొహం చూస్తే, ఎత్తి ఉంటే బతికేది కదా అనిపించేది. అంత మంచి మనిషిని పట్టుకుని అలా అనుకోవడం పాపం కాదూ? అందుకని వెతుకుతున్నానండీ."

"ఏం వెతుకుతున్నారమ్మా?"

"ఆయన ఫోన్ ఎత్తకపోయినా పాప బతికే దారి. ఒక్కటి. పక్కింటి డాబా మీంచి వెనకవీధిలోకి దిగితే? మెడికల్ షాపు షట్టరు వేసి ఉంది, పక్క తలుపు కొడితే? పాలాయన మోటారు సైకిలు అటే వచ్చింది, నేను చూడలేదు, చూసి ఉంటే? ఒక్కోటి మొదట్నుంచీ చివరిదాకా నడిచి చూస్తున్నా, పాపని చంకనేసుకుని. ప్రతిసారీ ఆ మెట్ల దగ్గరే అయిపోతోంది." ఇంకో కాయ అందుకుంది. "ఒక్కటి దొరికితే చాలు. తప్పు నాదని తేలిపోతుంది, ఆయనది కాదని తేలిపోతుంది. అప్పుడు ఆయన మొహం మామూలుగా చూడొచ్చు. అందాకా ఆయన వైపు వెళ్లకూడదని పెట్టుకున్నా. పెద్దది వేయండి, మీకు పుణ్యముంటుంది. ఇంకా చూడాల్సినవి చాలా ఉన్నాయి."

భగవంతుడా! నేనేమో పొయ్యి మీద పాలు మర్చిపోతోందని మెమరీ కొని తెచ్చిపెడుతున్నాను. ఆవిడేమో నేను తెచ్చిన ప్రతి ముక్కనీ నన్ను నిర్దోషిగా తేల్చడానికి ఖర్చు పెడుతోంది. పిల్లని వేలసార్లు మోసింది, వేలసార్లు పోగొట్టుకుంది, నా కోసం.

సీలు తీయని ప్యాకెట్టు నా జేబులోనే ఉంది. అది వేస్తే ఇంకో ఆర్నెల్లు వెతుకుతుంది. కొంతకాలం అంకె తగ్గుతుంది, నా పేరు గుర్తొస్తుంది, మళ్లీ మంచినీళ్లు స్టీలు గ్లాసులో ఇస్తుంది. పిల్ల మాత్రం ఆ మెట్ల మీద చస్తూనే ఉంటుంది. ఆపగలిగే మాట ఒకటి నా దగ్గరుంది. అది చెబితే హైమకి నేనెవరో తెలుస్తుంది, నిజంగా తెలుస్తుంది. నాలుగేళ్లు దాచుకున్న మాట.

"వెతకొద్దమ్మా" అన్నాను. "దొరికినా లాభం లేదు. ఆయన అంత మంచివాడు కాదు."

తలెత్తి చూసింది, కోపంగా. "మీకేం తెలుసండీ ఆయన గురించి?"

"తెలుసు. ఆ రోజు మొదటి ఫోన్ వచ్చినప్పుడు అది ఇంకా డబ్బాలో లేదు. చేతిలోనే ఉంది. పేరు చూశాడు. ఎదురుగా ఒక కస్టమరున్నాడు, మెమరీ ఏది కొనాలో తేల్చుకోలేక చంపుతున్నాడు. తర్వాత చూద్దాంలే అనుకుని, మోగుతున్న ఫోన్‌ని డబ్బాలో పెట్టి మూత వేశాడు. మిగతా అయిదుసార్లూ లోపల గుడగుడమంటూనే ఉంది. అదీ విన్నాడు."

గోరుచిక్కుడుకాయ ఆవిడ చేతిలో అలాగే ఉండిపోయింది. నా కళ్లు పెట్టె మీదికి పోయాయి. తొంభై ఎనిమిది. తొంభై ఏడు. ఎనభై. ఇరవై రెండేళ్లలో అంత వేగంగా ఖాళీ అవడం నేనెక్కడా చూడలేదు. యాభై రెండు. ముప్పై. తొమ్మిది దగ్గర ఆగింది. ఆవిడ వెతకడం మానేసింది.

హైమ నా మొహంలోకి చూసింది. జుట్టు దగ్గర్నుంచి గడ్డం దాకా, నెమ్మదిగా, చాలా రోజులకి ఊరి నుంచి వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత చూద్దాంలే అని ఎందుకనుకున్నానో నేనింకా చెప్పలేదు.

"పెరుగు తెమ్మంటాననుకున్నారా?" అంది.

నేను ఏడ్చాను. నా చిట్టితల్లి పోయిన రోజు కూడా అంతలా ఏడవలేదు. హైమ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. గిన్నె పక్కకి జరిపి, లేచి వెళ్లి ముందుగదిలో కిన్నెర ఫొటో ఎదురుగా కూర్చుంది. మధ్యాహ్నం రెండింటికి అన్నం వండింది. ఉప్పూ కారం అన్నీ సరిగ్గా ఉన్నాయి. నాకు స్టీలు గ్లాసులో నీళ్లు పెట్టింది.

మూడు రోజులకి వాళ్లక్క దగ్గరికి గుడివాడ వెళ్లిపోయింది. బస్సు నంబరు తనే గుర్తుపెట్టుకుంది, మందులు తనే సర్దుకుంది, అనసూయమ్మ గారికి చెప్పి వెళ్లింది. గుమ్మం దాకా వచ్చి ఆగి, "మిమ్మల్ని నాలుగేళ్లు కాపాడాను. నాకు ఓపిక లేదండీ ఇంక" అంది. నేను సంచీ అందుకోబోతే ఇవ్వలేదు.

నఫీసా గారు ఫోన్ చేసి పరీక్షలన్నీ బాగున్నాయంది, పాప జ్ఞాపకాలు చెక్కుచెదరలేదంది. పుట్టినరోజులు, బడి డ్యాన్సులు, ముందుపళ్లు ఊడిన మొహంతో ఫొటో దిగిన రోజు, అన్నీ ఆవిడకి మళ్లీ దొరుకుతున్నాయట. ఆ నలభై నిమిషాలు కూడా ఉన్నాయట, కానీ ఒక్కసారి జరిగినవిగానే. ఆ కబురు విని సంతోషించాను. ఆ ప్యాకెట్టు షాపులో పై అరలో ఉంది. ఎవరడిగినా అమ్మనని చెబుతున్నాను.

షాపు నడుస్తోంది. మొన్నొకాయన వచ్చి "ఎంత వేయమంటారండీ?" అన్నాడు. నేను కసురుకోలేదు. దీంతో ఏం చేస్తారండీ అని అడిగి, చెప్పినంతసేపూ విన్నాను. ఊచ పట్టుకుని, మెమరీ చేతిలోకి తీసుకున్నాను. ఫోన్ మాత్రం బల్ల మీద, కళ్లెదురుగా పెట్టుకున్నాను. రంగనాయకులు గారు బతికుంటే వీపు చీరేసేవారు.

నాలుగూ పదికి మోగింది. తెర మీద హైమ పేరు. చేతిలో ఉన్న మెమరీ జారి కింద పడింది, పడితే పడిందని ఫోన్ ఎత్తాను.

"హైమా."

అవతల బస్సు హారన్ వినపడింది, దూరంగా ఎవరో పిల్లలు అరుస్తున్నారు. ఊపిరి వినపడింది.

"హైమా, చెప్పు. ఉన్నాను."

"ఏం లేదండీ" అంది. "ఎత్తుతారో లేదోనని చేశాను."

పెట్టేసింది. అప్పట్నుంచీ రోజూ ఆ వేళకి చేస్తోంది. ఒక్క మోతకే ఎత్తుతాను. ఏమీ మాట్లాడదు. ఎత్తానని తెలియగానే పెట్టేస్తుంది.